అమ్మ డాల్డా డబ్బా, అయ్యగారింటి అన్నం

పోయిన నెలకి అమ్మ చనిపోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామని నేనూ చెల్లీ రెండ్రోజులు ముందే ఊరికి వెళ్లాం. తాళం తీసి వంటింట్లోకి అడుగు పెడితే ముందు ఎలకల వాసన, ఆ తర్వాత చెమ్మ పట్టిన గోడల వాసన, ఈ రెండూ కాకుండా సన్నగా ఇంకోటి. పాత బియ్యంలో ఎండిపోయిన వేపాకు వాసన. చెల్లి నా వంక చూసింది. నేను పొయ్యి పక్కనున్న గూటి వంక చూశాను. అక్కడే ఉంది, ఎప్పుడూ ఉండే చోటే, మా అమ్మ డాల్డా డబ్బా. మీదున్న చెట్టు బొమ్మ నా చిన్నప్పుడే చెరిగిపోయింది, అంచుకి తుప్పు పట్టింది, మూత మాత్రం గట్టిగా బిగించి ఉంది. ఆఖరి ఆరు నెలలు ఆమె హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంది కదా, అంటే ఊరు వదిలే ముందు రోజు దాకా అందులో వేస్తూనే ఉందన్నమాట.

మూత తీస్తే సగానికి పైగా బియ్యం. కొంచెం పురుగు పట్టాయి. చెల్లి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

పల్లెల్లో గుడికి వెళ్లి పెరిగిన వాళ్లకి ఆ డబ్బా ఏంటో చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెబుతాను. (మేం గుడి అనే అనేవాళ్లం. చర్చి అనడం కాలేజీకి వెళ్లాక నేర్చుకున్నాం, మందిరం అనడం ఇంకా తర్వాత వచ్చింది.) ఎసరు పెట్టి, బియ్యం చేటలో పోసి రాళ్లేరి, కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టాలి. అది దేవుడిది. వండిన ప్రతి పూటా గుప్పెడు. శనివారం రాత్రికి డబ్బాలో పోగైనదంతా గుడ్డసంచిలో పోసి ఆదివారం గుడికి తీసుకెళ్లాలి. ముందువరసలో ఒక గోనెసంచి నోరు తెరిచి పెట్టి ఉండేది, కానుకల పాట పాడుతుంటే ఆడవాళ్లంతా వరసగా వెళ్లి అందులో పోసి వచ్చేవాళ్లు. పాట అయిపోయినా ఆ బియ్యం పడే చప్పుడు ఇంకాసేపు వినపడేది.

గుప్పెళ్లలో కూడా తేడాలుండేవి. మా పక్కింటి అత్త వేళ్లు బిగించి తీసేది, అందులో ఎన్ని గింజలు పడతాయి చెప్పండి. అమ్మ అరచెయ్యి దోసిలిలాగా వంచి తీసేది. నాన్నకి అది నచ్చేది కాదు. "ఇంట్లో నలుగురం తినాల, కాస్త చూసి తియ్యి" అనేవాడు. అమ్మ పలికేది కాదు. మాట్లాడకుండా ఉండటంలో మా అమ్మని మించిన వాళ్లని నేను చూళ్లేదు.

మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలుకీ అద్దంకికీ మధ్య. గుడి అంటే పెంకుటిల్లు, లోపల పేడతో అలికిన నేల, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద. గంట బదులు బయట వేపచెట్టుకి రైలుపట్టా ముక్క వేలాడేది. ఒక తాత ఇనప బోల్టుతో దాన్ని కొట్టేవాడు. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి తల దువ్వడం, మూడో గంటకి పరుగు. వారం మొత్తం అదే గుడిలో మా బడి నడిచేది కాబట్టి బ్లాక్‌బోర్డు మీద శనివారం రాసిన ఎక్కం ఆదివారం ప్రసంగం అయ్యేదాకా అట్లాగే ఉండేది. పన్నెండో ఎక్కం నాకు అయ్యగారి, అంటే మా పాస్టరు గారి, ప్రసంగాల్లోనే వచ్చింది.

అయ్యగారికి జీతం పేరుకి ఉండేది, అదీ ఎప్పుడు వచ్చేదో తెలియదు. ఆయన ఇల్లు నడిచింది ఆ గోనెసంచి మీదే. వాళ్లబ్బాయి నా ఈడు వాడు, అందుకని నేను చాలాసార్లు వాళ్లింట్లో తిన్నాను. ఆ అన్నం సంగతి ఎవరైనా రాశారో లేదో నాకు తెలియదు గానీ రాయాల్సిన సంగతి. నలభై ఇళ్ల బియ్యం ఒకటే గిన్నెలో ఉడికేవి. ఒకరివి దంపుడు బియ్యం, ఒకరివి సన్నాలు, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక సగం పైన స్టోరు బియ్యమే. బియ్యం లేని వాళ్లు జొన్నలో సజ్జలో వేసేవాళ్లు, అవి ఎంత ఏరినా నాలుగు గింజలు మిగిలిపోయేవి. సన్నాలు మెత్తగా ముద్దయిపోయేటప్పటికి దంపుడు బియ్యం ఇంకా పలుకుగానే ఉండేవి. పళ్లెంలో ఒక చోట జావ, ఒక చోట పలుకు, మధ్యలో ఎక్కడో పంటికిందకొచ్చే జొన్న. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, మధ్యాహ్నమంతా అరుగు మీద చేట పెట్టుకుని కూర్చునేది. ఆమె చేత్తో గింజ పట్టుకుంటే ఏ ఇంటిదో చెప్పేదని ఊళ్లో అనుకునేవాళ్లు. "ఈ వారం ఫలానా వాళ్లింట్లో బియ్యం అయిపోయినట్టున్నాయి, జొన్నలు తెచ్చింది, ఒకసారి చూసి రాండి" అని అయ్యగారిని పంపేది. పంపితే ఆయన వట్టి చేతులతో వెళ్లేవాడు కాదు, ఆ సంచిలోవే ఒక మానెడు కొలిచి తీసుకెళ్లేవాడు. ఇది నాకు వాళ్లబ్బాయి చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

నా దొంగతనం గురించి కూడా చెప్పాలి.

ఎండాకాలంలో సైకిల్ మీద చెక్కపెట్టె కట్టుకుని పుల్లైసు అబ్బాయి వచ్చేవాడు. డబ్బులే ఇవ్వాలని లేదు, బియ్యం పోసినా, పాత ఇనుము ఇచ్చినా ఇచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ కూలికి పోయింది, నేనూ చెల్లీ డబ్బాలోంచి రెండు గుప్పెళ్లు తీసి రెండు పుల్లైసులు కొన్నాం. ఎర్రటివి. సాయంత్రం అమ్మ మా నాలికలు చూసి కూడా ఏం అనలేదు. రాత్రి డబ్బా మూత తీసి చూసి కూడా ఏం అనలేదు. అన్నాలు పెట్టేటప్పుడు నా పళ్లెంలోనూ చెల్లి పళ్లెంలోనూ కాస్త తక్కువ పడింది. మర్నాడు కూడా అంతే. అప్పుడు అడిగితే, "దేవుడి దాంట్లోంచి తిన్నారుగా, అది తీరిందాకా మీ కూట్లోంచి తీస్తన్నా" అంది, ఏదో చిట్టీ లెక్క చెప్పినట్టు. కోపం ఏమాత్రం లేదు. నాలుగు పూటలు తీసింది. రెండు గుప్పెళ్లకి నాలుగు పూటలు ఎందుకని చెల్లి ఏడ్చింది. బైబిల్లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చాడు, మీకు రెండింతలే వేశానంది. అమ్మకి చదవడం రాదు, అయినా ఆదివారం విన్నది ఒక్కటీ మర్చిపోయేది కాదు, అదీ మా ఖర్మ.

మా వైపు పొగాకు నేల. జనవరి నుంచి మార్చి దాకా పచ్చాకు విరవడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌లో, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టులో, కాల్చడం. ఊరంతా ఒక తియ్యటి మాడు వాసన వేసేది, ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి. పచ్చాకు పని చేసిన చేతులు చూశారా మీరెప్పుడైనా? జిగురు పట్టి నల్లగా అయిపోతాయి, ఇసకతో తోమినా సబ్బుతో రుద్దినా ఆ నలుపు పోదు. పైగా చేదు. ఆ చేత్తో అన్నం కలిపి తింటే అన్నమే చేదు. చిన్నప్పుడు ఆ నెలల్లో అమ్మ ముద్ద పెడతానంటే మేం పారిపోయేవాళ్లం.

బ్యారన్‌కి ఆదివారమని తెలియదు. ఆకు పక్వానికి వస్తే విరవాల్సిందే. అమ్మా ఇంకో పదిమంది ఆడవాళ్లూ ఆదివారం మాత్రం గుడి అయ్యాకే వస్తామని చెప్పేశారు. రైతు సరే, సగం కూలే ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. ఏళ్ల తరబడి అంతే. దీన్ని త్యాగమని ఇప్పుడు మనం అంటాం గానీ వాళ్లు ఆ మాట వాడగా నేను వినలేదు. పొలంలో సాలు పట్టాక ఎవరో ఒకరు కీర్తన నంబరు చెప్పేవాళ్లు, పుస్తకం లేకుండా అందరూ అందుకునేవాళ్లు. గుడికి రాని ఆడవాళ్లు కూడా పాడేవాళ్లు. ఒకామె శనివారం ఒక్కపొద్దు ఉండేది, వెంకటేశ్వరస్వామి భక్తురాలు, మా గుడి పాటలు మొత్తం ఆమెకే బాగా వచ్చు. అమ్మ ఎప్పుడైనా చరణం తప్పితే ఆమే అందించేది.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే క్రీస్తు ఆఖరి భోజనానికి గుర్తుగా రొట్టె తీసుకోవడం. బాప్తిస్మం తీసుకున్న వాళ్లకే రొట్టె, పిల్లలం వెనక కూర్చుని చూడటమే. ఆ రొట్టె ఎలా ఉంటుందని నాకు పిచ్చి ఆశ. అడిగితే అమ్మ, "చేదుగా ఉంటది" అంది. నేను నమ్మేశాను. క్రీస్తు శ్రమల గుర్తు కదా, కావాలనే చేదుగా చేస్తారేమో అనుకున్నాను. పద్నాలుగేళ్లకి గుండ్లకమ్మ మడుగులో ముంచి నాకు బాప్తిస్మం ఇచ్చారు, ఆ పై ఆదివారం మొదటిసారి రొట్టె ముక్క చేతికొచ్చింది. వణుకుతూ నోట్లో పెట్టుకున్నాను. మామూలు రొట్టె, కొంచెం తియ్యగా కూడా ఉంది. పక్కకి చూస్తే అమ్మ కళ్లు మూసుకుని నములుతోంది. నల్లటి వేళ్లు ఒళ్లో పెట్టుకుని. అప్పుడు అర్థమైంది ఆమెకెందుకు చేదో.

హైస్కూల్లో ఒక మాస్టారు క్లాసులో నలుగురి ముందు నవ్వుతూ అన్నాడు, "మీ తాతలు గుప్పెడు బియ్యం కోసం మతం మారార్రా" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తెలియక. గుప్పెడు బియ్యం అన్న మాట వినగానే నాకు మా ఇంట్లో డబ్బా గుర్తొచ్చింది, అందుకే ఆ మాట అసలు అర్థం తలకెక్కడానికి కాసేపు పట్టింది.

ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాను. ఆమె పొగచుట్ట తీసి పక్కన పెట్టింది. అంటే పెద్ద కథ వస్తుందని గుర్తు. ఆమె చెప్పింది ధాత కరువు గురించి. వాళ్ల అత్తగారి నోట విన్న కథ. తినడానికి లేక జనం రోడ్ల పక్కన చచ్చిపోతుంటే ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకున్నాడు, జనానికి కూలి దొరకాలని. మా వాళ్లు తట్టా పారా పట్టుకుని నడిచి వెళ్లారు. "ఊరికే తిన్లేదురా, మన్ను మోసి తిన్నారు" అని రెండుసార్లు అంది. ఆ పని చేసేటప్పుడు చాలామంది బాప్తిస్మం కావాలని అడిగితే, కరువు పోయిందాకా ఎవరికీ ఇవ్వనన్నాడట ఆ దొర. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పోయాక, వానలు పడి, జనం ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లాక కూడా వస్తే అప్పుడు చూద్దామన్నాడు. అప్పుడూ వచ్చారు.

ఇదంతా ముసలమ్మ కల్పన అనుకున్నాను చాలాకాలం. ఒంగోల్లో ఉద్యోగం చేసే రోజుల్లో చదివితే తెలిసింది, ఆమె చెప్పింది దాదాపు నిజమే. కాంట్రాక్టు మూడున్నర మైళ్లు. 1876 నుంచి 78 దాకా కరువు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసిపోతే మిగతావాళ్లు అందుకుంటూ. మేం ఈత కొట్టిన నదే, మేం చెలమలు తీసిన ఇసకే.

కథ అయ్యాక నాయనమ్మ మళ్లీ చుట్ట వెలిగించి అంది, "మీ పంతుల్ని ఆదోరం గుడికి రమ్మను. బియ్యం ఎవురు మోస్తన్నారో కళ్లారా చూస్తాడు." పిలిచేంత ధైర్యం నాకెక్కడిది.

రాత్రిపూట కుటుంబ ప్రార్థన. లాంతరు మధ్యలో, చుట్టూ మేం. నాన్న వాక్యం చదివేవాడు, అమ్మ ప్రార్థన చేసేది. నాన్న ప్రార్థనైతే రెండు నిమిషాలు. అమ్మది మాత్రం ఊరంతా తిరిగి వచ్చేది. పేరు పేరునా. ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరి గేదె ఈనలేదు, ఎవరి కొడుకు మిలిటరీ నుంచి ఉత్తరం రాయలేదు. గేదె దగ్గరికి వచ్చేసరికి మేం నిద్రలో జోగేవాళ్లం. కూలి డబ్బులు ఎగ్గొట్టిన వాళ్లకి కూడా ప్రార్థనలో చోటుండేది. "ప్రభువా, ఆయన మనసు కరిగించయ్యా, శనివారం లోపల కరిగించు, శనివారం సంత" అనేది. దేవుడికి గడువు పెట్టే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. శనివారం రాకపోతే ఆ రాత్రి ప్రార్థనలో కొంచెం నిష్ఠూరం వినపడేది. "నీకు గుర్తు చేశాను గదయ్యా" అని. వచ్చిందంటే మాత్రం అదే డబ్బాలో ఇంకో గుప్పెడు.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

పదో తరగతిలో సర్టిఫికెట్లు కావాల్సి వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కులాలవాళ్లు క్రైస్తవులైతే ఎస్సీ కింద లెక్కకు రారు. తర్వాత సిక్కుల్ని చేర్చారు, బౌద్ధుల్ని చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మాకు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని చాలా ఇళ్లలో గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఆఫీసులో గుమాస్తా మంచివాడే, "హిందూ అని రాయిస్తే పోద్ది గదయ్యా, పిల్లాడి భవిష్యత్తు" అన్నాడు. నాన్న సరే అన్నట్టే ఉన్నాడు. అమ్మ ఆఫీసు గుమ్మం బయట నిలబడి ఉంది, లోపలికి కూడా రాలేదు. "ఆదోరం ఒక మాట, సోమారం ఒక మాటా?" అంది నాన్నతో. అంతే. బీసీ-సీ అని రాశారు.

దానివల్ల నేనేం పోగొట్టుకున్నానో ఇక్కడ లెక్క వేయను. ఒక సీటు పోయింది, ఒక ఉద్యోగం నాలుగేళ్లు ఆలస్యమైంది. అమ్మ మీద కోపంతో రెండు క్రిస్మస్‌లకి ఇంటికి వెళ్లలేదు. నక్షత్రం కట్టడానికి వెదురుబద్దలు తెచ్చి పెట్టి ఎదురు చూసిందని చెల్లి చెప్పింది.

మా పెదనాన్న వాళ్లు రెండో దారిలో వెళ్లారు. అన్నకి మంచి ఉద్యోగం వచ్చింది. వాడే మా గుడికి పైకప్పు వేయించాడు, ఇప్పటికీ క్రిస్మస్ పాటలకి డోలక్ వాడిదే. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు డబ్బు కట్టింది కూడా వాడే, అప్పటికి నా దగ్గర లేదు. అమ్మ ఆ సాయం తీసుకుంది. తీసుకుని, మంచం మీద నుంచే వాడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. వాడి కాగితాల గురించి ఆమె ఒక్కసారి కూడా మాట్లాడగా నేను వినలేదు, నా ముందే కాదు ఎవరి ముందూ. ఎవరు చేసింది ఒప్పో తేల్చే పని నావల్ల కాదు. ఒకే పల్లెలో ఒకే గోనెసంచిలో బియ్యం పోసే వాళ్లని కాగితం మీద రెండు రకాలుగా విడదీసిన వాళ్లనే అడగాలి.

ఇప్పుడు గుడి పెద్దది. టైల్స్, ఏసీ, తలుపు దగ్గర కానుకలకి క్యూఆర్ కోడ్. సౌండ్ బాక్సులు మనిషి ఎత్తున ఉన్నాయి, వాటి పక్కన కూర్చుంటే గుండె అదురుతుంది. నాకు నచ్చలేదు, కానీ గోనెసంచి కోసం ఏడ్చే హక్కు నాకు లేదు, నేనూ ఫోన్‌తోనే స్కాన్ చేసి పంపే వాణ్ణి. పైగా ఇప్పుడు అయ్యగారికి నెలనెలా జీతం అందుతోంది, ఆయన పిల్లలు ఒకే రకం బియ్యం తింటున్నారు. అది మంచిదే.

కూడిక రోజు పొద్దున్నే అమ్మగారు వచ్చింది. మా పాత అయ్యగారి భార్య. అయ్యగారు పోయి చాలా కాలమైంది, ఆమెకి ఎనభై దాటాయి, మనవడు ఆటోలో తీసుకొచ్చి దింపాడు. వందనాలు చెప్పి లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేరుగా వంటింట్లోకి వెళ్లింది. చెల్లి ఆ బియ్యాన్ని చేటలో పోసి, ఏం చెయ్యాలో తోచక అట్లాగే వదిలేసి ఉంది. పురుగు పట్టింది కోళ్లకి వేసేద్దామని నేనే అన్నాను అంతకు ముందు.

అమ్మగారు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని చేట ఒళ్లోకి లాక్కుంది. చూపు సరిగా లేదు, వేళ్లతోనే చూస్తోంది. రెండుసార్లు చెరిగింది, పురుగులు అంచుకి వచ్చాయి, ఊదేసింది. వేపాకు ఈనెలు ఏరి పక్కన పెట్టింది. నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపి, పంటికింద పెట్టి కొరికింది.

"రెండు రకాలున్నాయే," అంది. "అడుగున స్టోరు బియ్యం, పైన సన్నాలు. నువ్వు డబ్బులు పంపడం మొదలుపెట్టాక కొన్నట్టుంది సన్నాలు."

"కోళ్లకి వేద్దామనుకున్నామమ్మగారూ, పాడైపోయాయి గదా" అన్నాను.

"ఎవురివి ఎవురికి వేస్తావురా అబ్బాయ్" అని, బియ్యం మొత్తం పమిట కొంగులోకి ఒంపుకుని, ఆ ముసలి చేతులతో గట్టిగా ముడేసుకుంది. "ఇయ్యి మా ఇంటియ్యే గదా."